మొదటి డికాక్షన్

"కాఫీ పుచ్చుకుంటారా?"

ఎవరింటికి వెళ్ళినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ప్రశ్న అని పేరే గాని జవాబు కోసం ఆగేవాళ్ళు తక్కువ. అడుగుతూనే లేచి వంటింట్లోకి నడుస్తారు. అప్పుడు నేను గుమ్మందాకా వెంటపడి, ఏదో నేరం ఒప్పుకుంటున్నదానిలా, "నేను కాఫీ తాగనండీ" అంటాను. ఆ ఇల్లాలి మొహం చిన్నబోతుంది.

"పోనీ టీ?"

"అదీ అలవాటు లేదండీ."

"పోనీ కాసిని పాలు?"

"వద్దండీ, మంచినీళ్ళు చాలు."

మంచినీళ్ళు చాలనే చుట్టాన్ని ఏ ఇల్లాలూ క్షమించదు. మర్యాద చెయ్యనివ్వని మనిషి అని ముద్ర వేసేస్తుంది. అరవై మూడేళ్ళు వచ్చేదాకా ఆ ముద్ర మోస్తూనే తిరిగాను. పెళ్ళిళ్ళలో తెల్లవారుజామున విడిదింటికి కాఫీలు రాగానే అందరూ దిగ్గున లేచి కూచుంటే, నేను మళ్ళీ ముసుగు తన్నేదాన్ని. రైల్లో "కాఫీ, కాఫీ" అన్న కేక వినపడి మావారు జేబులో చిల్లర వెతుక్కుంటుంటే, నేను కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేదాన్ని.

అలాంటిదాన్ని కిందటి మాఘమాసంలో మళ్ళీ కాఫీ మొదలుపెట్టాను. 'మళ్ళీ' అన్నాను చూశారూ, ఎందుకంటే ఇది నా మూడో ప్రయత్నం. మొదటి రెండూ ఎందుకు తప్పాయో చెబితేగాని మూడోది ఎలా నిలబడిందో మీకు అర్థం కాదు. మధ్యలో మిమ్మల్ని మక్కా, లండన్, జర్మనీ కూడా తిప్పుకొస్తాను. టిక్కెట్టు ఖర్చు లేదు, భయపడకండి.

మొదటి ప్రయత్నం నాటికి నాకు ఎనిమిదేళ్ళు. నా ఈడువాళ్ళకి ఆముదం ఆదివారాలు గుర్తుండే ఉంటాయి. రెండు నెలలకోసారి మా బామ్మ పిల్లలందరినీ వసారాలో వరసగా కూచోబెట్టి ఆముదం పట్టించేది. ఉత్తిదే అయితే కక్కుకుంటామని వేడి కాఫీలో కలిపి ఇచ్చేది. పైన జిడ్డు గుండ్రంగా తేలుతూ ఉండేది. "కళ్ళు మూసుకుని గటగటా తాగెయ్యవే, మళ్ళీ కళ్ళు తెరిచేసరికి అయిపోతుంది" అనేది. మామూలు రోజుల్లో పిల్లలకి కాఫీ ఇచ్చేవారు కాదు. అందుచేత నా లెక్కలో కాఫీ అంటే ఆముదం, ఆముదం అంటే కాఫీ. మా అన్నయ్యలు పెద్దయ్యాక ఆ సంగతి ఎలా మరిచిపోయారో గాని, నా నాలుక మాత్రం మరిచిపోలేదు.

రెండోది 1984లో, కాపరానికి వెళ్ళిన కొత్తలో. ఉమ్మడి కుటుంబం. పొద్దున్నే పదకొండు గ్లాసుల కాఫీ దిగాలి. దానికో వరస ఉండేది, మా పుట్టింట్లో ఉన్నదే ఇక్కడా ఉంది. మొదటి డికాక్షన్ మామగారికి, మగపిల్లలకి, వచ్చిన పెద్దమనుషులకి. అదే పొడిమీద మళ్ళీ మరుగునీళ్ళు పోస్తే దిగేది రెండో డికాక్షన్. అది అత్తయ్యకి, మరుదులలో చిన్నవాళ్ళకి. ఆ పొడికి ఇంకా మోక్షం రాలేదు, మూడోసారి నీళ్ళు పోసేవారు. ఆ దిగిన గోధుమరంగు నీళ్ళలో అడుగున మిగిలిన పాలు కలిపితే అది కోడళ్ళకి, పనిమనిషికి. అదీ అందరి గ్లాసులూ కడిగి బోర్లించాక, పొయ్యి పక్కన నిలబడి తాగాలి.

నా వంతు గ్లాసు నా చేతికి వచ్చిననాడు ఒక గుక్క తాగాను. చేదు, వగరు, చల్లారిన పాల వాసన. అటు చూస్తే వసారాలో మగవాళ్ళు కుర్చీల్లో కూచుని పేపరు తిరగేస్తూ చిక్కటి కాఫీ తాగుతున్నారు. "నాకు అలవాటు లేదత్తయ్యా" అని గ్లాసు దించేశాను. ఆవిడ ఏమీ అనుకోకపోగా సంతోషించింది. ఒక గ్లాసు మిగిలింది కదా మరి! ఆనాటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ "మా కోడలికి ఏ దురలవాటూ లేదమ్మా, కాఫీ కూడా ముట్టదు" అని చెప్పుకునేది. ఆ మెచ్చుకోలు వినీ వినీ నాకు అదొక వ్రతంలా పట్టుకుంది.

వ్రతం పట్టినవాళ్ళు దానికి తగ్గ పురాణం వెతుక్కుంటారు. నేనూ అంతే. కాఫీ చెడ్డదని రుజువు చెయ్యడానికి సాక్ష్యాలు పోగుచెయ్యాలని లైబ్రరీ పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. గాంధీగారు నా పక్షమే. 1942లో ఆగాఖాన్ పాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం గురించి రాయడం మొదలుపెట్టిన పుస్తకంలో టీ, కాఫీ, కోకో మూడూ ఒంటికి అక్కర్లేదన్నారు. ఇంకేం, దొరికిందన్నమాట! అనుకుని ఇంకా వెనక్కి వెళ్ళాను. అక్కడే చిక్కొచ్చిపడింది. కాఫీని కాదన్నవాళ్ళు చరిత్రలో బోలెడుమంది ఉన్నారు. కాని వాళ్ళలో చాలామంది పేచీ కాఫీ గింజతో పెట్టుకున్నది కాదండీ. ఎవరు ఎవరి పక్కన కూచుని తాగుతున్నారన్నదే వాళ్ళ బాధ.

కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. తాగడం అలవాటు చేసుకున్నది ఎర్రసముద్రానికి ఇవతల ఉన్న యెమెన్‌లో, 15వ శతాబ్దంలో. అక్కడి సూఫీలు రాత్రంతా మేలుకుని జపం చేసుకోవడానికి నిద్ర రాకుండా దీన్ని కాచుకుని తాగేవారు. మన శివరాత్రి జాగారానికి పనికొచ్చే సరుకే. అక్కడినుంచి మక్కాకి చేరింది. 1511లో మక్కాలో అధికారిగా ఉన్న ఖైర్ బేగ్ ఒక రాత్రి మసీదు దగ్గర కొందరు గుంపుగా చేరి దీపం వెలుగులో కాఫీ తాగుతూ ఉండడం చూశాడట. పండితుల్నీ వైద్యుల్నీ పిలిపించి విచారణ జరిపి, కాఫీని నిషేధించి, ఉన్న సరుకు వీధుల్లో తగలబెట్టించాడు. ఆ నిషేధం ఎన్నాళ్ళో నిలవలేదు. కైరోలో ఉన్న సుల్తాను దాన్ని సడలించాడు.

లండన్‌కి మొదటి కాఫీ హోటలు 1652లో వచ్చింది. ఒక వర్తకుడి దగ్గర నౌకరుగా ఉన్న పాస్కా రోజే అనే అతను కార్న్‌హిల్ దగ్గర సందులో పెట్టాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఊరంతా కాఫీ హోటళ్ళే. ఒక పెన్నీ ఇస్తే ఒక గిన్నెడు కాఫీ, కూచోడానికి బల్ల, చదువుకోడానికి పత్రికలు, వాదించుకోడానికి మనుషులు. అందుకే వాటిని పెన్నీ విశ్వవిద్యాలయాలన్నారు. ఓడలకి బీమా చేసే లాయిడ్స్ సంస్థ కూడా అలాంటి కాఫీ హోటల్లో కబుర్ల మధ్య పుట్టిందే. లార్డుగారూ దుకాణదారూ ఒకే బల్ల దగ్గర కూచోవచ్చు. ఇంతమందికి చోటుందిగాని, గిరాకీల్లో ఆడవాళ్ళు మాత్రం దాదాపు లేరు. హోటలు నడిపిన వితంతువులున్నారు, కాఫీ కాచి అందించిన అమ్మాయిలున్నారు. కూచుని తాగినవాళ్ళు మగవాళ్ళు. వినడానికి మనకేం కొత్తగా లేదు కదూ!

1674లో లండన్‌లో ఒక కరపత్రం అచ్చయింది. కాఫీకి వ్యతిరేకంగా ఆడవాళ్ళ అర్జీ అది. ఈ నల్లనీళ్ళు తాగి మా మొగుళ్ళు ఎండిపోతున్నారు, ఇంటికి పనికిరాకుండా పోతున్నారు, వాగుడులో మమ్మల్ని మించిపోతున్నారు, దీన్ని ఆపించండి మహాప్రభో అని దాని సారాంశం. వెంటనే మగవాళ్ళ పేరుతో జవాబు కరపత్రం కూడా వచ్చింది. అర్జీ రాసినవాళ్ళు నిజంగా ఆడవాళ్ళేనా, లేక ఆడవాళ్ళ పేరు పెట్టుకుని ఎవరైనా మగవాళ్ళు వెటకారానికి రాశారా అని చరిత్రకారులకి అనుమానం. ఎవరు రాస్తేనేం, ఇంట్లో ఒక్కతీ కూచున్న ఇల్లాలు ఉన్నమాట నిజమేగా! మరుసటి ఏడు, అంటే 1675 డిసెంబరులో, రాజు రెండో చార్లెస్ కాఫీ హోటళ్ళు మూసెయ్యమని హుకుం జారీ చేశాడు. ఆయన బాధ వేరు. అక్కడ కూచుని జనం రాజ్యం సంగతులు మాట్లాడుకుంటున్నారని. జనం గొల్లుమనేసరికి అమలు తేదీ రాకముందే హుకుం వెనక్కి తీసుకున్నాడు.

ఇక జర్మనీ. సంగీతంలో మహానుభావుడు బాఖ్ పేరు వినే ఉంటారు. 1730ల నడుమ లైప్‌జిగ్‌లో ఆయన కాఫీ మీద ఒక సంగీత నాటిక కట్టాడు. అందులో ఒక తండ్రి, ఒక కూతురు. కూతురికి కాఫీ లేనిదే తోచదు. మానకపోతే కొత్తబట్టలు లేవంటాడు, షికారు లేదంటాడు, కిటికీ దగ్గర నిలబడనివ్వనంటాడు. పిల్ల లొంగదు. చివరికి పెళ్ళే చెయ్యనంటే, సరే మానేస్తానంటుంది. తండ్రి వరుణ్ణి వెతకడానికి వెళ్ళగానే, నాకు కావలసినప్పుడల్లా కాఫీ కాచుకు తాగనిస్తానని పెళ్ళి ఒప్పందంలో రాసిచ్చినవాణ్ణే చేసుకుంటానని రహస్యంగా కబురుపెడుతుంది. చదివి నేను పకపకా నవ్వాను. కాఫీ తాగనిదాన్నయినా ఆ పిల్ల పక్షానికే వెళ్ళిపోయాను. కట్నం కాగితాలు తప్ప ఇంకే కాగితమూ రాసుకోని పెళ్ళిళ్ళు కదా మనవి!

అదే జర్మనీలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1777లో, మన డబ్బంతా కాఫీ పేరుతో పరాయి దేశాలకి పోతోంది, మా తాతతండ్రులు బీరు తాగి పెరిగారు, మీరూ అదే తాగండని ప్రజలకి హితబోధ చేశాడు. 1781లో కాఫీ గింజలు వేయించే హక్కు ప్రభుత్వానిదేనన్నాడు. పెద్ద పెద్దవాళ్ళకి మాత్రం లైసెన్సులిచ్చాడు. మరి దొంగతనంగా వేయించుకునేవాళ్ళ మాటో? దానికి కొలువు చాలించిన సైనికుల్ని పెట్టాడు. వాళ్ళ ఉద్యోగమల్లా వీధుల వెంట తిరిగి ఎవరింట్లోంచి కాఫీ వాసన వస్తోందో ముక్కుతో పట్టడం! ఈ వాసన పట్టేవాళ్ళని గుర్తుపెట్టుకోండి, ముందు పని ఉంది.

మన దేశానికి కాఫీ ఎలా వచ్చిందో అందరికీ తెలిసిన కథే. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సాధువు హజ్ యాత్ర నుంచి వస్తూ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు దగ్గర కొండల్లో నాటాడంటారు. మొలిచే గింజ దేశం దాటనివ్వని రోజులవి. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు మైసూరు, కొడగు కొండల్లో పెద్ద తోటలు వేశారు. అప్పట్లో ఆ పంటలో ఎక్కువ భాగం ఓడలెక్కేది. మన దక్షిణాది ఇళ్ళల్లో కాఫీ పాతుకున్నది 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లోనే. అంటే మడీ ఆచారమంత పాతదని మనం అనుకునే ఈ పొద్దుటి కాఫీ, మా తాతయ్య చిన్ననాడు కొత్త ఫాషన్ అన్నమాట. పొద్దున్నే చద్దన్నం తిని పనిలోకి దిగిన కడుపులకి కాఫీ అలవాటైంది. తమిళదేశంలో దీనిమీద ఎంత రభస జరిగిందో చరిత్రకారుడు ఆ.ఇరా. వెంకటాచలపతి 2006లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. 'ఆ రోజుల్లో కాఫీ లేదు' అన్నదే ఆ పుస్తకం పేరు.

ఇక్కడా మళ్ళీ కూచోవడం దగ్గరే తగువు. మద్రాసు రాజధానిలో కాఫీ హోటళ్ళకి 'బ్రాహ్మణ' అని బోర్డు తగిలించడం, కులాన్ని బట్టి వేరే గదో వేరే బల్లో చూపించడం మామూలుగా ఉండేది. ఆ బోర్డులు తీసెయ్యాలని మద్రాసులో పెరియార్ 1957లో కూడా ఆందోళన నడపవలసి వచ్చిందంటే చూడండి. మరో పక్క 1930లలో ధరలు పడిపోయి కాఫీ తోటలు కష్టాల్లో పడితే, మనవాళ్ళ చేత తాగించడానికి 1936లో బొంబాయిలో ఇండియా కాఫీ హౌస్ తెరిచారు. తరవాత కాఫీ బోర్డు ఆ హోటళ్ళు మూసేస్తుంటే, 1957లో అందులో పనిచేసే వడ్డనవాళ్ళూ వంటవాళ్ళూ ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలు పెట్టుకుని హోటళ్ళు తామే నడుపుకున్నారు. వడ్డించే చెయ్యి యజమాని చెయ్యి కావడం ఎంత బాగుందో చూశారా!

ఇంతా చదివి నేను తేల్చుకున్నదేమిటయ్యా అంటే, కాఫీ మీద నేను మోపిన నేరం నిలవదని. అయినా తాగలేదు. నలభై ఏళ్ళ వ్రతం పుస్తకాలతో పోతుందా?

పోగొట్టింది మా అమ్మ.

నాన్నగారు పోయాక రెండేళ్ళ క్రితం అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. ఇప్పటికీ అయిదింటికే లేస్తుంది. "మీ ఆయనకి కాఫీ నేను కలుపుతాలే, నువ్వు పడుకో" అంటుంది. నాకూ హాయిగానే ఉంది, పడుకునేదాన్ని. కిందటి మాఘమాసంలో ఒకనాడు దగ్గు వచ్చి మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాను. మావారి గ్లాసు బల్లమీద పొగలు కక్కుతోంది. అమ్మ పొయ్యి పక్కన నిలబడి, గోడకి చెయ్యి ఆన్చుకుని, తన గ్లాసు తాగుతోంది. గ్లాసులోకి తొంగిచూశాను. గోధుమరంగు నీళ్ళు.

"ఏమిటమ్మా ఇది?"

"రెండో డికాక్షనే. అల్లుడికి మొదటిది తీశాను."

"మీరిద్దరేగా తాగేది! డబ్బా నిండా పొడి ఉంది. ఇంకో రెండు చెంచాలు వేస్తే సరిపోదూ?"

"నాకిదే అలవాటే. చిక్కటిది పడదు."

"ఎప్పుడైనా తాగి చూశావా పడుతుందో లేదో?"

అమ్మ జవాబు చెప్పలేదు. గ్లాసు కడిగి బోర్లించింది.

ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. ఇంట్లో తాతయ్య లేడు, బామ్మ లేదు, నాన్నగారు లేరు. వరస మాత్రం ఉంది. నేను నలభై ఏళ్ళు కాఫీ మానేసి గొప్ప పౌరుషం చూపించాననుకున్నాను. మా అమ్మ ఏం తాగుతోందో, కూచుందో నిలబడిందో, ఒక్కనాడైనా లేచి చూశానా? 'మొదటిది నువ్వే తాగమ్మా' అని పోరితే ఆవిడ వినదు. తనకోసం రెండు చెంచాల పొడి ఎక్కువ వెయ్యడం ఆవిడ చేతికి రాదు. కూతురికోసమైతే?

రాత్రి పడుకోబోతూ అన్నాను. "అమ్మా, రేపట్నుంచీ నాకూ కాఫీ కలుపు."

"నీకా!" అంది. ఆ మొహంలో సంతోషం చూడాలి. పొద్దున్నే అయిదు చెంచాల పొడి వేసింది, లెక్కపెట్టాను. ముగ్గురికీ సరిపడా మొదటి డికాక్షన్ దిగింది. చక్కెర వేసి, పాలు పొంగీ పొంగగానే దించి, పైనుంచి పోసి నురగ తెప్పించి, నా చేతికిచ్చింది. నేను బల్ల దగ్గర కూచుని, ఇంకో గ్లాసు తెచ్చి, సగం అందులో ఒంపాను.

"ఇది నీకు. కూచో."

"నాకెందుకే, నాది నేను..."

"నువ్వు సగం తాగితేనే నేను సగం తాగుతాను. లేకపోతే ఇవాళే మానేస్తాను."

చేసేది లేక కూచుంది. కుర్చీ అంచున, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా. ఒక గుక్క తాగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. "చికోరీ ఎక్కువ కలిపాడు కొట్టువాడు" అంది.

నా సంగతి అడుగుతారా? ఉన్నమాట చెప్పాలంటే మొదటిరోజు బామ్మ ఆముదమే జ్ఞాపకం వచ్చింది. రెండోరోజూ అంతే. కాని చేదు తక్కువగా ఉందేమిటని ఆశ్చర్యపోయాను. దాని కారణం తరవాత తెలిసింది. పొడిమీద వేడినీళ్ళు పోయగానే మొదట కరిగి దిగేది సువాసన, పులుపు, ఆ వెనకే తీపి. చేదూ వగరూ బద్ధకస్తులు, ఆలస్యంగా దిగుతాయి. రెండోసారీ మూడోసారీ నీళ్ళు పోస్తే వాటికి మిగిలేవి ఆ రెండే. ఆనాడు అత్తవారింట్లో ఒక గుక్క తాగి నేను దించేసింది ఆ మిగులునన్నమాట.

ఈ చేదు బాధ పడలేక ఉపాయం కనిపెట్టిన ఇల్లాలు ఒకావిడ ఉంది. జర్మనీలో డ్రెస్డెన్ ఊళ్ళో మెలిటా బెంట్జ్. గ్లాసు అడుగున మడ్డి, నోట్లో చేదు ఆవిడకి నచ్చేవి కావు. ఒకనాడు ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోంచి అద్దుడు కాగితం చింపి లోపల పరిచి, పొడి వేసి మరుగునీళ్ళు పోసింది. తేట డికాక్షన్ దిగింది. 1908 జూన్‌లో దానికి పేటెంటు కార్యాలయంలో హక్కు సంపాదించింది. ఆ ఏడు డిసెంబరులో 73 ఫెనిగ్‌ల పెట్టుబడితో, అంటే మార్కు కూడా నిండని చిల్లరతో, కంపెనీ పెట్టింది. మొగుడూ కొడుకులూ ఆవిడ కింద పనివాళ్ళు! మన ఫిల్టరుకి కాగితం అక్కర్లేదనుకోండి, చిల్లుల గిన్నే చాలు. అయినా పొద్దున ఫిల్టరు మూత తీసినప్పుడల్లా ఆవిడకో నమస్కారం పెట్టుకుంటాను.

పదోరోజు కాబోలు, పొద్దున్న మెలకువ వచ్చేసరికి వంటింట్లోంచి వాసన వస్తోంది. ఆముదం గుర్తురాలేదు. లేచి వెళ్ళి కూచున్నాను. అమ్మ ఆ వేళ తనంతట తనే కూచుంది, కుర్చీకి పూర్తిగా ఆనుకుని. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"ఒకసారి మీ తాతయ్య కోర్టు పనిమీద గుంటూరు వెళ్ళారు. మీ నాన్న కూడా వెళ్ళారు. మీ బామ్మ గుడికి వెళ్ళింది. మీ పిన్నీ నేనూ తలుపు గడియ పెట్టి, కొత్తగా వేయించిన గింజలు మరలో విసిరి, మొదటి డికాక్షన్ తీసుకున్నాం. ఇద్దరం పెరటిమెట్ల మీద కూచుని తాగాం. అప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు."

"తరవాత?"

"తరవాతేముంది, ఆవిడ గుమ్మంలో అడుగుపెడుతూనే, 'ఈ వేళప్పుడు కాఫీ వాసనేమిటి?' అంది."

ఫ్రెడరిక్ రాజుగారి వాసన పట్టేవాళ్ళ కథ అమ్మకి చెప్పాను. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. మావారు లేచి వచ్చి ఏమైందని అడిగితే, ఆయన కాఫీ ఫ్లాస్కులో ఉందని చెప్పింది అమ్మ. నా పెళ్ళయ్యాక మావారు వేరే పొయ్యకుండా తన కాఫీ తనే ఒంపుకున్న మొదటిరోజు అది.

ఇప్పుడు పొడి నేనే తెస్తున్నాను, చికోరీ లేనిది, అరకుది. మన తెలుగుదేశానికి కాఫీ వచ్చింది 1898లో, బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి తూర్పుగోదావరి పాములేరు లోయలో నాటించాడు. అక్కడినుంచి మన్యం కొండలెక్కి అరకుదాకా పాకింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటిమీద మిరియాల తీగలు పాకించి పెంచుతారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బాబా బుడన్ కొండల కాఫీకీ ఆ ఏడే వచ్చింది. చలికాలంలో ఎర్రగా పండిన పళ్ళని ఒక్కొక్కటే చూసి కోసే చేతుల్లో గిరిజన ఆడవాళ్ళ చేతులు ఎన్నో. ఆ తల్లులకి పనయ్యాక కూచుని తాగే తీరిక, తాము పండించిన దాని మొదటి రుచి దక్కుతున్నాయో లేదో అని గ్లాసు పట్టుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

నేనేమీ కాఫీకి బానిసని కాలేదు సుమండీ. పొద్దున అర గ్లాసు, అంతే. సాయంత్రం తాగితే నిద్ర పట్టదు. రెండో డికాక్షన్ మాత్రం మా ఇంట్లో లేదు. ఒకసారి దిగాక మిగిలిన పిప్పి గులాబి మొక్క మొదట్లో వేస్తున్నాను.

మొన్న ఎదురింటికి కొత్తగా దిగినవాళ్ళని పలకరించడానికి వెళ్ళాను. ఇంటి సామాన్లు ఇంకా సర్దుకోలేదు. చిన్నది, పాతికేళ్ళుంటాయి. చంకలో పిల్లాడు.

"కాఫీ పుచ్చుకుంటారా పిన్నిగారూ?" అంటూనే వంటింట్లోకి వెళ్ళబోయింది. అలవాటు చొప్పున గుమ్మందాకా వెంటపడ్డాను.

"పుచ్చుకుంటానమ్మా. కాని ఒక షరతు. రెండు గ్లాసులు తీసుకురా, పిల్లాణ్ణి నాకిచ్చి నువ్వు కూడా ఇలా వచ్చి కూచో."